పాల క్యాను మూత దగ్గర మొదలై: వార్సా నుంచి బాద్ ఆరోల్సెన్ దాకా ఆరు రోజులు

మొదటి రోజు: వార్సా, త్వొమాత్స్కియె వీధి

రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు పొట్టనపెట్టుకున్న యూదుల కాగితాలు, ఉత్తరాలు, గొంతులు ఎలా మిగిలాయో, వాటిని ఎలా కాపాడాలో చూసే యాత్ర ఇది. పోలండ్ రాజధాని వార్సా మెట్రో మొదటి లైన్లో రతుష్ ఆర్సెనావ్ స్టేషన్‌లో దిగి పైకి రాగానే నీలి అద్దాల పెద్ద భవనం ఒకటి ఎదురుగా నిలబడుతుంది. ఒకప్పుడు ఆ చోట నగరంలోకెల్లా పెద్ద సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) ఉండేది. యూదులను గోడల మధ్య బంధించిన పేట, అంటే ఘెట్టోలో లేచిన తిరుగుబాటును అణచేశామని చాటుకోవడానికి 1943 మే 16న నాజీ సేనాని యూర్గెన్ స్ట్రోప్ దాన్ని పేల్చేయించాడు. పక్కనే ఉన్న యూదు గ్రంథాలయం కూడా మంటల్లో చిక్కుకుంది, కానీ గోడలు నిలిచాయి. ఆ భవనమే ఇప్పుడు రింగెల్‌బ్లుమ్ పేరు పెట్టుకున్న యూదు చరిత్ర సంస్థ. లోపలి హాల్లో నేల మీద కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చెరపకుండా అలాగే ఉంచారు. శనివారం ఇక్కడ సెలవు. శుక్రవారం సాయంత్రం వార్సాలో దిగితే ఒక రోజు దండగ.

యాత్ర ఇక్కడ మొదలుపెట్టడానికి కారణం ప్రదర్శనలో ఉన్న ఒక పాల క్యాను. మన ఊళ్లలో పాలకేంద్రానికి పాలు మోసుకెళ్లే క్యాన్ల లాంటిదే. తుప్పు పట్టి ముదురు గోధుమరంగుకు తిరిగింది. 1943 ఫిబ్రవరిలో అలాంటి క్యాన్లు రెండింటిలో కాగితాలు నింపి, నొవొలిప్కి వీధిలో 68వ నంబరు బడి నేలమాళిగలో పాతిపెట్టారు. అంతకు ఆరు నెలల ముందు, 1942 ఆగస్టు మొదటి రోజుల్లో, అదే బడి కింద పది రేకు పెట్టెలు పాతారు. పెట్టెలు 1946 సెప్టెంబరు 18న బయటపడ్డాయి, క్యాన్లు 1950 డిసెంబరు 1న. నాలుగేళ్లు మట్టిలో ఉన్న పెట్టెల్లోని కాగితాలు నీళ్లలో నాని, ఒకదానికొకటి అతుక్కుని, చాలాచోట్ల సిరా కొట్టుకుపోయి దొరికాయి. దాదాపు ఎనిమిదేళ్లున్న క్యాన్లలోని కాగితాలు మాత్రం చాలావరకు చదవగలిగేలా ఉన్నాయి. తేడా అంతా మూతలోనే ఉంది. రేకు పెట్టెల అంచులకు మాటు వేయలేదు, నీరు దిగింది. పాలు ఒలకకుండా బిగుసుకునేలా చేసిన మూత నీటినీ ఆపింది.

ఈ కాగితాలు పోగుచేసిన గుంపు పేరు ఓయ్‌నెగ్ షబ్బెస్. యూరపు యూదులు మాట్లాడే యిద్దిష్‌లో ‘విశ్రాంతిదినపు ఆనందం’ అని అర్థం. శనివారాలు కలుసుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు. 1940 నవంబరులో ఘెట్టో గోడలు మూసేసిన కొద్ది రోజులకే చరిత్రకారుడు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ దీన్ని మొదలుపెట్టాడు. సుమారు అరవై మంది పనిచేశారు. యుద్ధం ముగిసేసరికి వాళ్లలో మిగిలింది ముగ్గురు: రాహెల్ అవుయర్‌బాఖ్, హెర్ష్ వాసెర్, బ్లూమా వాసెర్. దాచినచోటు తెలిసిన హెర్ష్ వాసెర్ బతికి ఉండబట్టే మొదటి పెట్టెలు దొరికాయి. రింగెల్‌బ్లుమ్‌ను 1944 మార్చిలో చంపేశారు.

ఏం పోగుచేశారన్నది చూస్తే వాళ్ల పనితనం తెలుస్తుంది. డైరీలు, ఉత్తరాలు, రహస్య పత్రికలు సరే. వాటితోపాటు రేషను కార్డులు, ట్రామ్ టిక్కెట్లు, మిఠాయి చుట్టిన కాగితాలు, బడిపిల్లల వ్యాసాలు, నాటకాల పోస్టర్లు. హెల్మ్‌నో చావు శిబిరం నుంచి తప్పించుకుని వచ్చిన మనిషి చెప్పిన వాంగ్మూలం కూడా ఇందులోనే ఉంది. మొత్తం 35 వేల పేజీలకు పైనే. 1999లో యునెస్కో దీన్ని ప్రపంచ జ్ఞాపక పట్టికలో చేర్చింది. ముఖ్యమైన పత్రాలకు నకళ్లు తీసి వేర్వేరుచోట్ల పెట్టడం వాళ్ల పద్ధతి. ఒకచోట తడిసి పోయిన మాట మరోచోట దొరకడానికి అదే దారి.

నానిపోయిన కాగితపు కట్ట ఈ రోజు చేతికొస్తే మొదటి నియమం, విప్పవద్దు. తడి కాగితానికి బలం ఉండదు, అంచు పట్టి లాగితే పొరలుగా ఊడుతుంది. తడిసిన నాటి నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుందని లెక్క. అంతలోపు ఆరబెట్టలేకపోతే కట్టను కట్టగానే పలచని ప్లాస్టిక్ షీటులో చుట్టి సున్నాకు 20 డిగ్రీల కింద గడ్డకట్టించాలి. తరువాత వాక్యూమ్ గదిలో పెడితే మంచు నీరుగా మారకుండా నేరుగా ఆవిరైపోతుంది. సిరా పరుగెత్తడానికి నీరే ఉండదు. పది ఇరవై ఆకులే అయితే ఫ్రీజరు అక్కర్లేదు. పై ఆకు మీద తడిపిన పాలియెస్టర్ షీటు పరిచి మెల్లగా నిమిరితే ఆకు దానికి అంటుకుంటుంది, షీటుతో సహా లేపాలి. ఆ ఆకును నేతలేని పాలియెస్టర్ గుడ్డ మీదికి దించి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, తేలికపాటి బరువు ఉంచాలి. అద్దుడు కాగితం మొదట అరగంటకోసారి, తరువాత గంటకోసారి, ఆపైన రోజుకోసారి మార్చాలి. ఎండలో ఆరబెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం, ఇస్త్రీ చేయడం, మూడూ కాగితాన్ని వంకర తిప్పి పెళుసు చేసేవే.

రెండో రోజు: మురానుఫ్, మట్టి కింది చిరునామాలు

ఉదయం కాలినడకన మురానుఫ్ పేట. ఇక్కడి ఇళ్లు కొన్ని రోడ్డు మట్టం కంటే ఎత్తులో, దిబ్బల మీద కనిపిస్తాయి. యుద్ధం తరువాత ఘెట్టో శిథిలాలను ఎత్తిపోయడం కుదరక వాటి మీదే, ఆ ఇటుక పొడితోనే కొత్త ఇళ్లు కట్టారు. రెండో విడత క్యాన్లు దొరికింది ఈ నిర్మాణం జరుగుతుండగా, కూలీల చేతికే.

పాత చిరునామాతో ఎవరికీ దారి దొరకదు. నొవొలిప్కి 68 అనే నంబరు కోసం వెదికితే తిరుగుడే మిగులుతుంది. జ్ఞాపకచిహ్నం ఇప్పుడున్నది నొవొలిప్కి 28 దగ్గర, ఇళ్ల మధ్య పెరట్లో. 2021 ఏప్రిల్‌లో తెరిచారు. నేలలోకి దించిన గాజు ఘనం, లోపల ఒకే ఒక కాగితపు నకలు. పందొమ్మిదేళ్ల దావిద్ గ్రాబెర్ పెట్టెలు పాతే ముందు రాసిన వీలునామా అది. ప్రపంచానికి అరిచి చెప్పలేకపోయినదాన్ని నేలలో పాతిపెడుతున్నామని అతని మాట. అతనితో పాటు నహుమ్ గ్జీవాచ్, వాళ్ల గురువు ఇజ్రాయెల్ లిఖ్‌టెన్‌స్టైన్ ఆ పని చేశారు. బయట వీధుల్లో మనుషుల్ని రైళ్లకు ఎక్కించి ట్రెబ్లింకా చావు శిబిరానికి పంపుతున్న రోజులవి. లిఖ్‌టెన్‌స్టైన్ భార్య గేలా సెక్‌స్టైన్ చిత్రకారిణి. ఆమె వేసిన సుమారు 300 చిత్రాలు అవే పెట్టెల్లో మిగిలాయి. నీటిరంగుల బొమ్మలు నీళ్లలో నాని కూడా మిగలడం ఈ కథలో కెల్లా వింత.

మూడో విడత కాగితాలు ష్వియెన్తొయెర్‌స్కా వీధి 34లో, 1943 ఏప్రిల్‌లో పాతారు. అవి దొరకలేదు. ఆ చోటు ఇప్పుడు చైనా రాయబార కార్యాలయం ఆవరణ వైపు పడింది, తవ్వి చూసినా లాభం లేకపోయింది. ఆ గోడ పక్కన ఆగి చూడటానికి అయిదు నిమిషాలు చాలు, చూడవలసింది ఏమీ ఉండదు.

మధ్యాహ్నం మళ్లీ సంస్థకు. ఈసారి వాంగ్మూలాల కోసం. 1944 ఆగస్టులో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, లుబ్లిన్‌లో కొందరు యూదులు ఒక చరిత్ర కమిషన్ పెట్టారు. తరువాత ఫిలిప్ ఫ్రీడ్‌మన్ దానికి నాయకుడయ్యాడు. బతికి బయటపడిన వాళ్లను కూర్చోబెట్టి అడిగి రాయడం వాళ్ల పని. ఆ రాతలే ఇప్పటి ‘301’ నంబరు సేకరణ, ఏడు వేలకు పైగా వాంగ్మూలాలు. సేకరించేవాళ్లకు ముందుగానే ప్రశ్నావళులు అచ్చువేసి ఇచ్చారు. పిల్లలను అడిగేవి వేరుగా ఉన్నాయి. ఈ జాగ్రత్త ఎందుకంటే, సేకరించిన వాళ్లలో చాలామంది శిక్షణ పొందిన చరిత్రకారులు కారు. వాళ్లు కూడా అప్పుడే చావు తప్పించుకుని వచ్చినవాళ్లు.

ఈ వాంగ్మూలాలు చదివేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. చెప్పింది ఒకరు, రాసింది మరొకరు. చెప్పింది యిద్దిష్‌లో, రాసింది పోలిష్‌లో కావచ్చు. మొదటి పేజీ పైన రాసినవారి పేరు, తేదీ, భాష, చివర సంతకం ఉన్నాయా లేవా అన్నవి మొదట చూడాలి. స్కాన్ చేసేవాళ్లు తొందరలో ఆ మొదటి పేజీని ‘అట్ట’ అనుకుని వదిలేస్తే మిగతా ఇరవై పేజీలకు ఊరూ పేరూ లేకుండా పోతుంది. రెండు వైపులా, ఖాళీ వైపు కూడా స్కాన్ చేయాలని పట్టుబట్టేది ఇందుకే. చేతిరాతకు అంగుళానికి 400 చుక్కలు, చిన్న పెన్సిల్ రాతకు 600, ఫైలు టిఫ్, పక్కన రంగుల పట్టీ, స్కేలు.

గుండుసూది సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పాత ఫైళ్లలో కాగితాన్ని తినేది సగం సార్లు సూది, క్లిప్పు, స్టేపుల్ పిన్నులే. ఇనుము తుప్పు పట్టి చుట్టూ ఎర్రటి మచ్చ వేస్తుంది, కొన్నేళ్లకు అక్కడ కాగితం పొడిగా రాలుతుంది. మన పెద్దవాళ్ల ఇళ్లలో ఉత్తరాల తీగకు గుచ్చి పెట్టిన కార్డుల మధ్యలో కనిపించే తుప్పు కన్నం ఇదే జబ్బు. తీసేటప్పుడు లాగకూడదు. పిన్నుకు పైనా కిందా చిన్న పాలియెస్టర్ ముక్క దూర్చి, వెనక కాళ్లు రెండూ పలచని గరిటె మొనతో ఒక్కొక్కటే లేపి, అప్పుడు ముందు నుంచి తీయాలి. ఏ ఆకులు కలిపి ఉన్నాయో పెన్సిల్‌తో నంబరు వేయకుండా పిన్ను తీస్తే, తుప్పు కంటే పెద్ద నష్టం చేసినట్టే.

మూడో రోజు: వూచ్

మ్యాపుల్లో ‘లోడ్జ్’ అని తెలుగులో రాస్తారు కానీ టిక్కెట్టు కౌంటర్లో ‘వూచ్’ అనకపోతే అర్థం కాదు. వార్సా నుంచి రైల్లో గంటన్నర. నాజీలు ఈ ఊరికి లిట్స్‌మన్‌స్టాట్ అని పేరు మార్చారు, పాత పత్రాల మీద ఆ పేరే ఉంటుంది.

వార్సాలో దాచింది రహస్యంగా. ఇక్కడి ఘెట్టోలో యూదు పాలకమండలే పత్రాల విభాగం పెట్టుకుంది. 1941 జనవరి 12 నుంచి 1944 జులై 30 దాకా రోజువారీ దినచర్య రాశారు: వాతావరణం, జననాలు, మరణాలు, రొట్టె కొలత, పుకార్లు. ఎవరైనా జర్మన్ అధికారి చదవవచ్చన్న ఎరుకతో రాసినది కాబట్టి మాట ఆచితూచి పడుతుంది. ‘తరలింపు’ అని ఉన్నచోట ఏమని చదువుకోవాలో చదివేవాళ్లకు తెలిసి ఉండాలి. ఈ కాగితాలలో పెద్ద భాగాన్ని ఘెట్టో పోస్ట్‌మన్‌గా పనిచేసిన నహ్మన్ జోనాబెండ్ పెట్టెల్లో సర్ది బావిలో దాచి కాపాడాడు.

ఫొటోగ్రాఫర్ హెన్రిక్ రోస్ కథ వేరు. పాలకమండలి గణాంక విభాగానికి గుర్తింపు కార్డుల ఫొటోలు తీయడం ఉద్యోగం. దాని చాటున తీయకూడనివి తీశాడు. 1944లో సుమారు 6 వేల నెగటివ్‌లు పాతిపెట్టి, 1945 మార్చిలో తవ్వి తీస్తే సగానికి సగం మిగిలాయి. మిగతావి భూమిలోని నీటికి పాడయ్యాయి. ఫిల్ము మీద బొమ్మను పట్టుకుని ఉండేది జెలటిన్ పొర. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పక్కదానికి అతుక్కుంటుంది, విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. అందుకే ఫిల్ముకు నియమం కాగితానికి తలకిందులు. తడిసిన నెగటివ్‌లను ఆరనివ్వకూడదు. చల్లటి శుభ్రమైన నీటిలోనే ఉంచి, రెండు రోజుల్లోపు నిపుణుల చేతికి చేర్చాలి. పాత ఫిల్ము నైట్రేటు రకమైతే ఇంకో గొడవ, తేలిగ్గా అంటుకుంటుంది. ఘాటు వాసన వస్తూ, జిగురుగా మారుతుంటే మిగతా సేకరణ నుంచి వెంటనే వేరు చేయాలి.

రాడెగాస్ట్ స్టేషన్‌కు ట్రామ్, ఆపైన నడక. ఇక్కడి నుంచే మనుషుల్ని హెల్మ్‌నో, ఆష్‌విట్స్ చావు శిబిరాలకు పంపారు. పొడవాటి సొరంగంలాంటి నడవలో తరలింపు జాబితాల నకళ్లు వరుసగా ఉంటాయి. టైపు చేసిన పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు. కొన్నిచోట్ల పేరు కొట్టేసి పక్కన మరో పేరు.

వూచ్‌లోని ప్రభుత్వ పత్రాగారంలో వేలకొద్దీ పోస్టుకార్డులు ఉన్నాయి, ఎప్పటికీ బట్వాడా కానివి. వియన్నా, ప్రాగ్, బెర్లిన్ లాంటి ఊళ్ల నుంచి ఇక్కడికి తరలించిన యూదులు ఇళ్లకు రాసుకున్నవి. టపా ఆపేయడంతో గుట్టలుగా పడి ఉన్నాయి. నకలు కూడా లేని మాటలు, కానీ తడవని చోట ఉండిపోవడం వల్ల మిగిలాయి.

నాలుగో రోజు: ఓష్వియెంచిమ్

జర్మన్లు ఆష్‌విట్స్ అని పిలిచిన ఊరు ఇదే. క్రాకోవ్ నుంచి రైలైనా బస్సైనా ఒకటిన్నర గంట అనుకోవాలి. ఆష్‌విట్స్ మ్యూజియం ప్రవేశం ఉచితం, కానీ ముందే ఇంటర్నెట్‌లో పేరు మీద సమయం తీసుకోవాలి. గుర్తింపు కార్డు చూపాలి, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. పత్రాల సంరక్షణ ప్రయోగశాల యాత్రికులకు తెరిచి ఉండదు. అక్కడి పని ఏమిటో ప్రదర్శనల్లోని వస్తువుల స్థితి చూసి అర్థం చేసుకోవలసిందే. కాగితం ఉన్న అరల దగ్గర వెలుతురు ఎందుకంత తక్కువ అని గొణిగేవాళ్లు ఉంటారు. సిరా, కాగితం భరించగల వెలుతురు 50 లక్స్, అదీ ఏడాది పొడుగునా కాదు. వెలుతురు చేసిన నష్టాన్ని చీకట్లో పెట్టి వెనక్కి తెచ్చుకోలేం.

శిబిరం ఉత్తరాలు చూడగానే గుర్తుపట్టవచ్చు. అచ్చువేసిన ఫారం, ఒక పక్క నియమాలు: నెలకు రెండు ఉత్తరాలు, పేజీకి 15 గీతలు, రాత జర్మన్‌లోనే. ఆరోగ్యంగా ఉన్నానన్న వాక్యం దాదాపు ప్రతిదానిలోనూ ఉంటుంది. సెన్సారు ముద్ర, ఖైదీ నంబరు, బ్లాకు నంబరు. ఈ సౌకర్యం యూదు ఖైదీల్లో ఎక్కువమందికి లేదు. వాళ్ల చేత రాయించిన కార్డులు మోసం కోసం. టెరెజిన్ ఘెట్టో నుంచి తెచ్చి, ఆష్‌విట్స్‌లో భాగమైన బిర్కెనౌలో కుటుంబ శిబిరంగా ఉంచిన వాళ్ల చేత 1944 మార్చి మొదట్లో కార్డులు రాయించారు, వాటి మీద మార్చి 25 ప్రాంతపు తేదీలు వేయించారు. మార్చి 8వ తేదీ రాత్రి వాళ్లను చంపేశారు. కాబట్టి జాబితా రాసేవాళ్లు ఉత్తరంపై రాసిన తేదీ, పోస్టు ముద్ర తేదీ, చేరిన తేదీ మూడింటినీ మూడు గడుల్లో వేయాలి. ఒకే గడిలో ‘తేదీ’ అని పెట్టిన పట్టిక ఇక్కడ అబద్ధం చెబుతుంది.

కవరును ఉత్తరం నుంచి విడదీయవద్దని ఎంత చెప్పినా తక్కువే. తపాలా బిళ్లలు సేకరించేవాళ్ల బజారులో ఈ కవర్లకు ధర పలుకుతుంది, లోపలి ఉత్తరానికి పలకదు. రెండూ రెండు ఇళ్లకు పోతాయి. అప్పుడు చిరునామా ఒకచోట, మాట ఒకచోట.

మడతల దగ్గర చిరుగుతున్న ఉత్తరాన్ని పొడిగా చదును చేయబోతే మడతే తెగుతుంది. మూత ఉన్న తొట్టిలో అడుగున తడిపిన అద్దుడు కాగితం పరిచి, దానికి తగలకుండా జాలీ మీద ఉత్తరం పెట్టి మూసేస్తే గంట రెండు గంటల్లో మెత్తబడుతుంది. మెత్తబడ్డాక మడతలు తెరిచి, అద్దుడు కాగితాల మధ్య బరువు కింద పెట్టాలి. అయితే ముందుగా సిరా పరీక్ష. ఒక మూల, ప్రతి రంగు మీద విడివిడిగా, సన్నని కుంచెతో నీటిచుక్క పెట్టి, అద్ది, రంగు దిగుతోందేమో చూడాలి. ఆ కాలపు కాపీయింగ్ పెన్సిల్ పెద్ద మాయదారి. పొడిగా ఉన్నప్పుడు మామూలు పెన్సిల్‌లా బూడిదరంగు, తేమ తగిలిందా ఊదారంగులో కారిపోతుంది. మామూలు పెన్సిలైతే నీటికి చెదరదు. బిళ్ల వెనకాల జిగురు కూడా ఇదే తేమకు కరుగుతుంది, బిళ్ల జారి పక్క అక్షరాల మీద అతుక్కుంటుంది. చిరుగులకు చదరపు మీటరుకు అయిదు గ్రాముల లోపు బరువుండే జపాను కాగితం, గోధుమ పిండి గంజి. సెల్లోటేపు ఎప్పటికీ వద్దు. పదేళ్లకు దాని జిగురు కాగితంలోకి దిగి గోధుమరంగు కిటికీలా నిలిచిపోతుంది.

మధ్యాహ్నం బిర్కెనౌ చివర, కూల్చేసిన దహనశాలల దగ్గర. శవాలను మోయడానికి, కాల్చడానికి బలవంతంగా పెట్టిన ఖైదీల దళం జోండర్‌కమాండో. వాళ్లలో కొందరు రాసి ఈ మట్టిలో పాతారు. జల్మెన్ గ్రాడోవ్‌స్కి రాత 1945 మార్చి 5న అల్యూమినియం నీళ్ల సీసాలో దొరికింది, ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సైనిక వైద్య మ్యూజియంలో ఉంది. జల్మెన్ లెవెంటాల్ రాత 1962లో గాజు జాడీలో దొరికింది, తేమకు చాలా పోయింది. గ్రీకు యూదుడు మార్సెల్ నజారి రాత 1980లో ఇక్కడ నేల శుభ్రం చేస్తున్న అటవీ విద్యార్థి కంటపడింది. థర్మాస్ ఫ్లాస్కులో చుట్టి, తోలు సంచిలో పెట్టిన 13 పేజీలు. మళ్లీ అదే మూత సంగతి. ముప్పై అయిదేళ్లకు పైగా మట్టిలో ఉన్నాక ఫ్లాస్కు లోపలికి కూడా తేమ చేరింది. మొదట చదవగలిగింది పదో వంతే.

దాన్ని తిరిగి చదివించింది కాంతి. పాత ఇనుప సిరా అతినీలలోహిత కాంతిలో నల్లగా తేలుతుంది, పరారుణంలో మాయమవుతుంది. మసితో చేసిన సిరా, పెన్సిల్ గీత పరారుణంలోనూ నిలుస్తాయి. ఒకే పేజీని వేర్వేరు కాంతుల్లో తీసి, మరకల రంగును కంప్యూటర్లో తగ్గించి, సిరా రంగును పెంచుతూ పోతే కంటికి కనిపించని గీత పైకి వస్తుంది. చరిత్రకారుడు పావెల్ పోల్యాన్, రష్యన్ నిపుణుడు అలెక్సాండర్ నికిత్యాయెవ్‌తో కలిసి నజారి పేజీలపై ఈ పని చేయించాడు. 2017 నాటికి 85–90 శాతం చదవగలిగారు. కాగితాన్ని తాకకుండా, నీటిచుక్క కూడా పెట్టకుండా.

అయిదో రోజు: రైలు

క్రాకోవ్ నుంచి బెర్లిన్ దాకా పగలంతా రైలు. కిటికీ బయట చూడటానికి పెద్దగా ఏమీ లేదు, కాబట్టి గొంతుల గురించి.

మొట్టమొదట గొంతులు పట్టుకున్నవాళ్లలో డేవిడ్ బోడర్ ఒకడు. చికాగోలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆయన 1946 వేసవిలో తీగ రికార్డరు మోసుకుని యూరపు శరణార్థి శిబిరాలు తిరిగాడు. వెంట్రుకంత ఉక్కు తీగ మీద ధ్వని, 200 చుట్టలు, సుమారు 130 మంది. టేపు లాగా అరిగిపోదు కానీ చిక్కు పడితే చిక్కే. ఆ చుట్టల్లో ఒకటి, ఫ్రాన్స్‌లోని హెనోన్‌విల్ శిబిరంలో పాడిన పాటలది, డబ్బాపై ఊరి పేరు తప్పుగా పడటంతో దశాబ్దాలు కనిపించకుండా పోయింది. అమెరికాలో ఆక్రన్ విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గరే ఉండి కూడా. దొరికాక మోగించడానికి యంత్రం లేక దాన్ని మళ్లీ తయారుచేసుకోవలసి వచ్చింది.

వీడియోకు 1979లో న్యూ హేవెన్‌లో మొదలై యేల్ విశ్వవిద్యాలయానికి చేరిన సేకరణ తొలి అడుగు. 1994లో మొదలైన షోవా ఫౌండేషన్ 50 వేలకు పైగా వాంగ్మూలాలు తీసింది. అవి ఉన్నది 2,35,000 బీటాక్యామ్ టేపుల మీద. టేపు అయస్కాంత పొర పదిహేను ఇరవై ఏళ్లకు వదులవుతుంది కనుక అన్నింటినీ డిజిటల్‌లోకి మార్చారు. డిజిటల్ అయిందంటే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు చెడిందో లేదో పట్టించే సంఖ్య) లెక్క తీసి పెట్టుకుని, ఏటా మళ్లీ లెక్కించి పోల్చాలి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమం, ఒకటి వేరే ఊళ్లో.

వాంగ్మూలం తీసేవాళ్లు చేసే పెద్ద తప్పు శిబిరంతో మొదలుపెట్టడం. ముందు ఊరు, ఇల్లు, వంట, బడి, పండగలు. తరువాత యుద్ధం. తరువాత బతుకు. ఎవరి పేరు చెప్పినా ఆపి, కాగితం మీద రాయించుకుని, దాన్ని కెమెరాకు చూపించాలి. మౌనాన్ని కత్తిరించకూడదు. తప్పు తేదీ చెబితే రాతప్రతిలో దిద్దకూడదు, పక్కన గుర్తు పెట్టాలి. రాహెల్ అవుయర్‌బాఖ్ ఇజ్రాయెల్ వెళ్లాక 1954లో యాద్ వాషెమ్ స్మారక సంస్థలో వాంగ్మూలాల విభాగాన్ని నెలకొల్పింది. వార్సాలో కాగితాలు పాతిన గుంపు మనిషే, పద్ధతి కూడా అక్కడిదే.

ఆరో రోజు: బాద్ ఆరోల్సెన్

బెర్లిన్ నుంచి కాసెల్-విల్హెల్మ్స్‌హోహె దాకా వేగపు రైలు, అక్కడి నుంచి చిన్న రైల్లో దాదాపు గంట. చిన్న ఊరు, పాత కోట, చెట్ల వరుసలు. యుద్ధం తరువాత మిత్రదేశాలు దొరికిన శిబిరాల కాగితాలు ఇక్కడ పోగుచేశాయి, తప్పిపోయిన వాళ్లను వెదకడానికి. 3 కోట్ల పత్రాలు, 1.75 కోట్ల మంది వివరాలు. 2007 నవంబరు దాకా పరిశోధకులకు తెరవలేదు. ఇప్పటి పేరు ఆరోల్సెన్ ఆర్కైవ్స్, 2013లో యునెస్కో పట్టికలో చేరింది. పత్రాలు చూడాలంటే ముందే రాసి సమయం తీసుకోవాలి. చాలావరకు ఇంట్లో కూర్చునే చూడవచ్చు కాబట్టి ఇక్కడిదాకా వచ్చేది పేర్ల పట్టిక కోసం.

ఆ పట్టికలో సుమారు 5 కోట్ల కార్డులు. అక్షరక్రమం కాదు, ఉచ్చారణక్రమం. కారణం: ఒకే పేరును పోలిష్ గుమాస్తా ఒకలా, జర్మన్ సైనికుడు మరోలా, ఫ్రెంచ్ వాడు ఇంకోలా రాశాడు. అబ్రమోవిచ్ అన్న పేరు వందల రకాలుగా ఉంది. మన లక్ష్మిని ఇంగ్లిషులో ఒకరు కె-ఎస్-హెచ్‌తో, మరొకరు ఎక్స్‌తో రాసి రెండు వేర్వేరు ఆడవాళ్లను చేసే తీరు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వెదికేటప్పుడు ఇంటిపేరు కంటే పుట్టిన తేదీ నమ్మదగింది. అదీ దొరక్కపోతే రోజూ నెలా తారుమారు చేసి చూడాలి.

ఇక్కడి కాగితం నాసిరకం. చెక్కగుజ్జుతో, పటికతో చేసిన యుద్ధకాలపు కాగితం తనలోని ఆమ్లానికే పసుపెక్కి విరుగుతుంది. మెగ్నీషియం లవణాలతో ఆమ్లం తీసి, పీహెచ్ ఏడున్నర దాటేలా చూసి, ఆమ్లంలేని అట్టపెట్టెల్లో, 18–20 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య స్థిరంగా ఉంచాలి. స్థిరంగా అన్నది ముఖ్యం. ఒక రోజు 40, మరుసటి రోజు 60 అయితే కాగితం ఉబ్బుతూ ముడుచుకుంటూ అలసిపోతుంది. లామినేషన్ మాత్రం చేయకూడదు. పదో తరగతి సర్టిఫికెట్టును దుకాణానికి తీసుకెళ్లి ప్లాస్టిక్ వేయించే అలవాటు మనకే కాదు, ఒకప్పుడు పెద్ద పెద్ద పత్రాగారాలకూ ఉండేది. వేడికి కరిగిన జిగురు కాగితంలోకి దిగుతుంది, ఆమ్లం లోపలే ఉండిపోతుంది. తీయాలంటే రసాయనాలు, నెలల పని.

2020 నుంచి ఇక్కడి పత్రాల్లోని పేర్లను ప్రపంచం నలుమూలల నుంచి జనం కంప్యూటర్లో ఎక్కిస్తున్నారు. ఒకే కార్డును వేర్వేరు మనుషులు విడివిడిగా టైపు చేస్తారు. సరిపోలితే తీసుకుంటారు, లేకపోతే సిబ్బంది చూస్తారు. జర్మన్ రాకపోయినా పని చేయవచ్చు, గడులకు వివరణ ఉంటుంది. జర్మన్ చేతిరాతలో ఒకటో అంకె ఏడులా, ఏడు అడ్డగీతతో కనిపిస్తుంది. అది అలవాటు కావడానికి పది కార్డులు పడుతుంది. అర్థంకాని అక్షరాన్ని ఊహించి నింపకూడదు, ఖాళీగా వదిలేయాలి.